పూటకో దిక్కున షెడ్డు

మొన్న మా ఇంటి వెనక, బోరు పక్కన చిన్న షెడ్డు వేయించుకుందామని మేస్త్రీని పిలిచాను. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన సైకిలు, మా ఆయన పారేయనివ్వని పాత టీవీ లాంటివి పెట్టుకోవడానికి. మేస్త్రీ టేపు బయటికి తీస్తూనే, పర్మిషన్ ఉందా మేడం అని అడిగాడు. చిన్నదే కదయ్యా, దానికి కూడా కావాలా అన్నాను. "చిన్నదంటే ఎంత?" అన్నాడు. ఇక నాకు నవ్వు ఆగలేదు. పాపం అతను టేపు చేతిలో అట్లాగే పట్టుకుని, ఈమెకేమన్నా అయిందా అన్నట్టు మా ఆయన వైపు చూశాడు. అదే ప్రశ్న పట్టుకుని ఒక ముసలాయన నెలంతా కనిపించిన వాళ్ళందరినీ ఆపి అడిగిన సంగతి అతనికేం తెలుసు. ఆ ముసలాయన పోయి ఏడాది దాటింది. పోయిన మనిషి గుర్తొచ్చి నవ్వొచ్చిందంటే ఆ మేస్త్రీ నా ఇంటి పనే ఒప్పుకోకపోవచ్చు. అందుకని చాయ్ పెట్టే వంకతో లోపలికి వెళ్ళాను.

నేను మక్తల్ పిల్లను. నర్సు ఉద్యోగం వచ్చిన కొత్తలో నకిరేకల్ అవతల ఒక ఊళ్ళో నన్ను వేశారు. ఎవరూ తెలియని చోటు. అక్కడ కిరాయికి దొరికిన గది, నేను తాత అని పిలిచిన ఆ ముసలాయన కొడుకు కట్టుకున్న కొత్త స్లాబు ఇంట్లోది. గది చూడడానికి వెళ్ళిన రోజు భుజం మీద గొంగడితో ఆయన నా వెనకాలే లోపలికి వచ్చాడు. మే నెల ఎండలో గొంగడి. గది నాలుగు మూలలా కలియజూసి, "ఎనిమిది గొర్ల అర్ర బిడ్డా ఇది. నువ్వొక్కదానివే గద, సాలుతది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. గది ఇంతకుముందు గొర్లకు ఇచ్చారేమోనని వాసన చూశాను కూడా.

తర్వాత తెలిసింది, ఆయనకు లోకంలో ఏ జాగా కనిపించినా ఎన్ని గొర్లు పడతాయన్నదే లెక్క. ఊరి ఆటో ఆరు గొర్ల ఆటో. హైవే మీద పోయే ఎర్ర బస్సు పిల్లలతో కలిపి యాభై గొర్లు. నకిరేకల్లో ఒక పెళ్ళికి పోయి వస్తే కోడలు పెళ్ళికూతురి చీర గురించి చెప్తోంది, ఈయన మాత్రం ఫంక్షన్ హాలు మంచిగుంది, రెండు మందలు సుఖంగా పడతాయి అని చెప్తున్నాడు. నేను పనిచేసే సబ్ సెంటరుకు వస్తే గడప దగ్గరే నిలబడి, ఇక్కడ పది గొర్ల జాగాలో పాతిక మందిని కూర్చోబెట్టావు, రోగం లేనోళ్ళకు కూడా వస్తుంది అని నన్ను కోప్పడేవాడు. మోకాళ్ళు పోయాయని మందను ఎప్పుడో అమ్మేశారు. గొర్లు పోయినా కొలత మాత్రం పోలేదు. రోడ్డు దాటుతుంటే బండ్ల వాళ్ళను కూడా నాలుకతో టిక్కుమని అదిలించేవాడు. విచిత్రం ఏమిటంటే వాళ్ళు నిజంగానే పక్కకు జరిగేవాళ్ళు.

మంద పోయింది గానీ మంద సామాను పోలేదు. వెదురు తడకలు, మోకులు, గొర్రెపిల్లల్ని మూసిపెట్టే పెద్ద గంపలు, ఉన్ని కత్తిరించే కత్తెరలు, గంటలు, చిల్లులు పడ్డ గొంగళ్ళ కట్ట. ఇవన్నీ కొత్త ఇంటి ముందు వసారాలో ఒక మూలకు ఉండేవి. మూల అనడం నా మర్యాద, నిజానికి సగం వసారా. ఆ వసారాలోనే కోడలు, నేను వదిన అని పిలిచే ఆమె, కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. చేతిలో పనితనం ఉన్న మనిషి. కొడుకు డీసీఎం వ్యాను నడిపేవాడు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. ఆ ఇల్లు ఆ మిషన్ మీదే నడిచేది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్ళు. వాన పడితే ఆ ఉన్ని, ఆ మోకులు కొట్టే వాసన గురించి చెప్పాలంటే నేను ఇప్పుడు కూడా కిటికీ తెరవాలి. వదినది తప్పని నేను ఏనాడూ అనలేదు.

ఆమె ఒక రోజు మామకు గడువు పెట్టింది. దసరాకు ఇంటికి సున్నం వేసేలోపు వసారా ఖాళీ కావాలి. లేకపోతే పాత సామాన్ల బండి వచ్చిన రోజు ఎవరినీ అడగకుండా ఎత్తించేస్తానంది. అన్నమాట ప్రకారం చేసే మనిషి అని ఇంట్లో అందరికీ తెలుసు. తాత సాయంత్రం నా గది గడప మీద కూర్చుని, బీపీ చూడమని చెయ్యి చాపి, ఆ యంత్రం బిగుస్తుండగా చెప్పాడు.

"అవి పోతే నేను గీ ఇంట్ల సుట్టం లెక్క ఉండాలె సిస్టరమ్మా. నాది అన్నది ఒక్కటన్న ఉండాలె గద."

ఆ రోజు ఆయన బీపీ నిజంగానే ఎక్కువ ఉంది. మాత్రలు వేసుకోమని కసిరాను.

ఇంటి వెనక కొంచెం ఖాళీ జాగా ఉంది. అక్కడ ఒక షెడ్డు వేసుకుంటే గొడవ తీరిపోతుంది. కానీ ఆ ఊరిని అప్పుడే పక్క మున్సిపాలిటీలో కలిపారు. దానివల్ల ఊరికి కొత్తగా వచ్చినవి రెండే, చెత్త ట్రాక్టరు పాట, పర్మిషన్ అనే మాట. ఇటుక మీద ఇటుక పెడితే ఎవరో ఒకరు వచ్చి పర్మిషన్ ఉందా అంటారని జనం భయపడుతున్న రోజులు. చాయ్ హోటల్లో ఎవరో తాతతో, చిన్నదానికి పర్మిషన్ అక్కర్లేదు అన్నారు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అయితే చిన్నదంటే ఎంత? హోటలాయనను అడిగాడు, కరెంటు లైన్‌మన్‌ను అడిగాడు, సూదికి వచ్చిన బాలింతలను కూడా అడిగాడు. ఒక్కొక్కరు చేతులు చాపి ఒక్కో సైజు చూపించారు. చివరికి ఆఫీసులోనే అడుగుదామని, టీకాల డబ్బా కోసం టౌనుకు పోతున్న నా వెంట ఆటో ఎక్కాడు.

ఆఫీసులో ఉన్నది మా వార్డు ఆఫీసరు. మీసం ఇంకా సరిగా రాని, మర్యాద తెలిసిన అబ్బాయి. కూర్చోమన్నాడు, షెడ్డు ఎంత తాతా అని ప్రేమగానే అడిగాడు. తాత ఆలోచించి, పెద్దదేం కాదు సారూ, ఇరవై గొర్లది అన్నాడు. ఆఫీసరు ముఖం మారిపోయింది. మున్సిపాలిటీ లోపల గొర్ల షెడ్డు కుదరదు, చుట్టుపక్కల వాళ్ళు ఒప్పుకోవాలి, దానికి వేరే కథ ఉంటుంది అన్నాడు. గొర్లు లేవు సారూ అన్నాడు తాత. మరి ఇరవై అంటివి అన్నాడాయన. ఉంటే ఇరవై పడతాయి అన్నాడు ఈయన. గజాల్లో చెప్పు తాతా అంటే, గజానికి పడుకుంటే రెండు, నిలబడితే మూడు అని లెక్క చెప్పాడు. అబ్బాయి నా వైపు తిరిగి, మేడం, గొర్లు ఉన్నయా లేవా, ఒక్క మాట చెప్పండి అని బతిమాలాడు. ఆయన గొర్లతో కొలుస్తాడు గానీ గొర్లు పెట్టడు అని నేను విడమరిచి చెప్పబోయాను. చెప్తుంటే నాకే అది అబద్ధంలా వినిపించింది.

అనుమానం వస్తే ఊరుకుంటారా. కొన్నాళ్ళకు శానిటేషన్ మనిషి ఒకాయన గొర్లను వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. వెనక చూశాడు, మేడ ఎక్కి చూశాడు, బాత్రూం తలుపు తోసి చూశాడు. గొర్లు లేవు. కానీ వసారాలో నిలబడి గాలి పీలిస్తే ఇరవై కాదు, ఇంకా ఎక్కువే ఉన్నట్టుంది. పగలు ఎటు తోలుతున్నారని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. వదిన కుట్టుమిషన్ ఆపకుండానే, మంచం కింద చూడలేదు, అది కూడా చూసిపో అన్నది. పాపం ఆయన వంగి చూశాడు.

అప్పటికి దసరా దగ్గరికొస్తోంది. తాత రెండు రోజులు వెనక జాగా చుట్టూ తిరిగాడు. మూడో రోజు ఆయన దోస్తులు ఇద్దరు వచ్చారు, వాళ్ళూ గొంగళ్ళ వాళ్ళే, వాళ్ళ మోకాళ్ళూ అంతంత మాత్రమే. ముగ్గురూ వెనక జాగాలో కూర్చుని వెదురు బొంగులు, తాటికమ్మలు ముందేసుకున్నారు. నేను డ్యూటీకి పోయి వచ్చేసరికి షెడ్డు నిలబడి ఉంది. నాలుగు గుంజలు, వాటికి అడ్డ బొంగులు, చుట్టూ తాత పాత తడకలు, పైన తాటికమ్మలు. అన్నీ మోకులతో బిగించినవే. ఒక్క మేకు లేదు, ఒక్క గుంట తవ్వలేదు. గుంజల కింద నాలుగు బండరాళ్ళు మాత్రం పెట్టారు.

అది వాళ్ళకు పుట్టినప్పటి నుంచి వచ్చిన పని. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం మందను చేలో పెట్టించుకుంటారు కదా. పొద్దుగూకితే చుట్టూ తడకలు నిలబెట్టి గొర్లను లోపలికి తోలడం, తెల్లారితే తడకలు పీకి పక్క మడిలోకి జరపడం. ఆయన జన్మంతా కట్టిన గోడలు తెల్లారితే లేచి నడిచే గోడలే.

సంగతి తెలిసి వార్డు ఆఫీసరు రానే వచ్చాడు. ఎప్పుడు కట్టినవు తాతా అన్నాడు. తాత ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

"కట్టలే సారూ. నిలబెట్టినం. కడితే పునాది ఉంటది, ఇదేడ కట్టింది?"

అంటూనే దోస్తులను పిలిచాడు. ముగ్గురు ముసలాళ్ళు, నాలుగో గుంజకు నేను. చూస్తుండగానే షెడ్డును ఎత్తి వేపచెట్టు పక్కన దించాం. కింద సామాను మాత్రం ఉన్నచోటే బిక్కచచ్చి మిగిలింది. ఆ అబ్బాయి కాసేపు బండరాళ్ళను చూశాడు, కాసేపు ఆకాశం చూశాడు. తన చదువులో ఇది రాలేదు కాబోలు, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం తాత వాడకట్టంతా తిరిగి, పర్మిషన్ అక్కర్లేని షెడ్డు ఎట్లా ఉంటుందో చూసిపొమ్మని మనుషుల్ని పిలుచుకొచ్చాడు. సామాను లోపలికి చేరింది, వసారా ఖాళీ అయింది, వదిన మొహం విప్పారింది. కథ అక్కడ అయిపోవలసింది.

కానీ ఎత్తితే లేచేదాన్ని ఎత్తకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. రెండు మూడు రోజులకోసారి దోస్తులు రావడం, షెడ్డు జరగడం. ఒక్క జాగాలో ఉంచితే నేల ఖరాబవుతుంది అనేవాడు. గొర్లుంటే కదా తాతా నేల ఖరాబయ్యేది, ఖాళీ గంపలకు ఏమవుతుంది అన్నాను. చదువుకున్నావు గానీ నీకు తెలియదులే అన్నట్టు జాలిగా చూశాడు. ఒక పొద్దున అది వేపచెట్టు కింద, ఒక పొద్దున స్నానాల గదికి అడ్డంగా. ఎడమ పక్కింటివాళ్ళు గాలి రావడం లేదంటే కుడికి, కుడి పక్కవాళ్ళు ఎండ రావడం లేదంటే ఎడమకి. వదిన ఎండేసిన మిరపకాయల మీద నీడ పడిందని ఒక రోజు పెద్ద గొడవ. జాకెట్టు తీసుకోవడానికి వచ్చిన ఒకామె, వాకిలి ముందు తడకలు అడ్డం ఉండేసరికి, దుకాణం ఎత్తేశారనుకుని వెనక్కి పోయింది. ఆ రోజు వదిన కత్తెర పట్టుకుని బయటికొచ్చి, ఈ షెడ్డుకు ఒక్క దిక్కు లేదా అని అరిచింది. తాత ఆ షెడ్డులో దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఒక తెల్లవారుజామున నేను తలుపు తీసి అడుగు బయటపెడితే ఎదురుగా తడక. షెడ్డు నా గుమ్మానికి ఆనుకుని ఉంది. తోసుకుని లోపలికి పోతే గంపల మధ్య నులక మంచం, మంచం మీద తాత. దొంగలాగా ఉలిక్కిపడి లేచాడు. రోజూ వసారాలో పడుకుంటున్నాడని ఇంట్లో అందరి నమ్మకం. అందరూ పడుకున్నాక ఇక్కడికొచ్చి, తెల్లవారకముందే మళ్ళీ వసారాలోకి పోతున్నాడట. స్లాబు కింద నిద్ర రాదు, చుట్టూ తడకలుంటేనే కన్ను మూతపడుతుంది అన్నాడు. దానికి దొంగతనమెందుకు, వదినకు చెప్తే సరిపోతుంది కదా అన్నాను.

"వద్దు బిడ్డా. మామను ఎల్లగొట్టి తడకలల్ల పండవెట్టిందంటరు ఊల్లోల్లు. ఆమెకు మాటొస్తది."

నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి తెల్లవారకముందే లేచి తలుపు గట్టిగా చప్పుడు చేసి తీసేదాన్ని, ఆయన లేచి వసారాలోకి పోవడానికి.

దసరా ముందు పెద్ద వాన కురిసి వెనక జాగాలో నీళ్ళు నిలిచాయి. తాత, దోస్తులు కలిసి షెడ్డును మళ్ళీ ఇంటి ముందుకు తెచ్చారు. ముందు జాగా చాలక అందులో సగం గేటు దాటి మోరీ కాలువ మీదికి వచ్చింది. సామాను, మంచం అన్నీ వదిన లేనప్పుడు లోపలికి సర్దుకున్నారు. సరిగ్గా ఆ వారమే మున్సిపాలిటీ వాళ్ళు రోడ్ల పక్క శుభ్రం చేస్తున్నారు. మధ్యాహ్నం చెత్త ట్రాక్టరు పాట పాడుకుంటూ మా వాడకు వచ్చింది, వెనక బండి మీద వార్డు ఆఫీసరు. ఆయనకు పై అధికారి, పెద్ద సారు కూడా వచ్చాడు, జీపులోనే కూర్చుని చెయ్యి బయటికి పెట్టి అదేంటని అడిగాడు. అబ్బాయి తాత చెప్పినదంతా చెప్పాడు. పునాది లేదు, కట్టడం కాదు, ఊరికే నిలబెట్టింది అని. పెద్ద సారు చాలా తేలిగ్గా, కట్టడం కానిది రోడ్డు మీద ఉంటే చెత్తే కదయ్యా, ట్రాక్టర్లో వెయ్యండి అన్నాడు.

 తాత మాటే తిరిగొచ్చి తాతకు అడ్డం కూర్చుంది. కట్టిందే అంటే పర్మిషన్ లేదు, కట్టలేదంటే చెత్త. ట్రాక్టరు మీది మనుషులు నలుగురు దిగి తలా ఒక గుంజ పట్టుకున్నారు. ముసలాళ్ళు ఎత్తగలిగినది వాళ్ళకొక లెక్కా. షెడ్డు పువ్వులాగా లేచింది.

లేచేసరికి లోపలిదంతా వాడకట్టు మధ్యలో ఎండలో బయటపడింది. గంపలు, మోకులు, గంటలు, మధ్యలో నులక మంచం, మంచం కింద చెంబు, దువ్వెన, నేనిచ్చిన బీపీ మాత్రలు. మంచం మీద ఒక బొంత పరిచి ఉంది, జాకెట్టు ముక్కలతో కుట్టింది. వదిన ఎప్పుడో మామకని కుట్టి ఇస్తే, గొంగడి ఉండగా ఇదెందుకని ఆమె ముందు పక్కన పడేశాడట. అది పడుకుని పడుకుని మధ్యలో మెత్తబడి ఉంది.

మిషన్ చప్పుడు ఆగింది. వదిన మెడలో టేపుతో బయటికొచ్చి మంచాన్ని చూసింది, బొంతను చూసింది, తర్వాత మామను చూసింది. ఆయన తప్పు చేసి దొరికిన పిల్లాడిలా గొంగడి సవరించుకుంటున్నాడు. ఇక తిట్లు మొదలవుతాయని అనుకున్నాను. ఎత్తించేస్తానని నెలల నుంచి అంటున్న మనిషికి ఎత్తేవాళ్ళే ఇంటి ముందుకు వచ్చారు, ఊరుకుంటే చాలు.

"దించుండ్రి" అన్నది వాళ్ళతో. "చెత్త గాదది. మా మామ ఇల్లు."

పెద్ద సారు జీపు దిగాడు. ఇల్లయితే పర్మిషన్ ఏదమ్మా అన్నాడు. లేదు, ఏమేం కావాలో చెప్పు, నేనే వచ్చి రాయించుకుంటా, ముందు దించుమను అన్నది ఆమె. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకుండా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి, భయమేసింది. ఆ నలుగురికీ వేసినట్టుంది, సారు చెప్పకముందే దించబోయారు. అక్కడ కాదు, గేటు లోపల, వసారా పక్కన అని చెయ్యి చూపించింది. అక్కడ దించారు. మంచం మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు, తనే ఎత్తుకుని లోపల వేసింది. పోతూ పోతూ మామతో, చెప్తే నేనేమన్న కొరుకుతనా అని ఒక్క మాట అనేసి మిషన్ ముందు కూర్చుంది. చాలాసేపు దానికి దారం ఎక్కలేదు.

మోరీ మీద నుంచి అడ్డు తీసేశారు కదా, ఇక చూద్దాంలే అన్నట్టు జీపు కదిలిపోయింది. వార్డు ఆఫీసరు అబ్బాయి వెనక్కి తిరిగి నాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు, గొర్ల లెక్క ఇంకెప్పుడూ ఎత్తొద్దన్నట్టు.

తాత ఆ రాత్రి అందరి ముందే పోయి షెడ్డులో పడుకున్నాడు. పొద్దున నేను బయటికొచ్చేసరికి దోస్తులు ఇద్దరూ వచ్చి ఉన్నారు. మళ్ళీ ఎటు జరుపుతున్నారో అనుకున్నాను. చూస్తే గుంజల కింది బండరాళ్ళు తీసేసి, గడ్డపారతో గుంటలు తవ్వుతున్నారు. పక్కన తట్టలో తడి సిమెంటు. జన్మలో ఒక్క గుంజ లోతుకు పాతని మనిషి, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి నేల మీద కూర్చుని, గుంజ చుట్టూ సిమెంటు అద్ది చేత్తో నున్నగా రుద్దుతున్నాడు.

ఇట్లా పాతేస్తే కట్టడమే అవుతుంది తాతా, ఇప్పుడు నిజంగానే పర్మిషన్ కావాలి, మళ్ళీ వాళ్ళొస్తే ఏం చెప్తావు అన్నాను. ఆయన తలెత్తకుండా ఇంకో పిడికెడు సిమెంటు తీసుకున్నాడు.

"నా కోడలిచ్చింది గద సిస్టరమ్మా. నువ్వు గూడ ఇన్నవు."